మొయిలుమేడలో ఆఖరి రాయి

ఆ ఉదయం ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. తూర్పు దిక్కు తోమిన రాగిచెంబులా మెరుస్తోంది. పడమట నల్లమబ్బులు గొర్రెల మందలా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, మొయిలుకొండ నడుముకు చుట్టుకుని కదలకుండా నిలిచిపోయాయి. కొండ అడుగు కనబడుతోంది, కొండ కొస కనబడుతోంది, నడిమి కొండ లేదు. ఆ లేని కొండమీద, పారిభద్ర దేశాధీశుడు చిత్రకేతనుడు కట్టించిన మొయిలుమేడ గాలిలో వేలాడుతున్నట్టుంది.

ప్రతి పున్నమినాడూ పగటివేళ ఆ మేడను జనానికి చూపించడం రాజుకు సరదా. ఆనాడు మెట్లెక్కుతున్న గుంపులో లవంగద్వీపపు అద్దాల వర్తకుడొకడు ఉన్నాడు. పట్టు అంగీ, ఎర్ర తలపాగా, చంకలో అద్దాల పెట్టె, మేకవెంట్రుకలతో అతికించిన మీసం. ఆ మీసం వెనుక ఉన్నది నాంచారి, రాళ్లపల్లె రాతిపనివాళ్ల ఆడబిడ్డ. ఆమె అన్న సుంకన్న మేస్త్రి, ముప్పైతొమ్మిదిమంది పనివాళ్లను వెంటబెట్టుకుని ఈ మేడ కట్టడానికి వచ్చి ఏడేళ్లయింది. ఏటేటా ఇంటికి వచ్చిపోయేవాడు. ఈ మూడు నెలలుగా కొండమీది నుంచి ఒక్క పనివాడు దిగలేదు, ఒక్క కబురు రాలేదు. అడగబోయిన వాళ్లను భటులు ఈటెలతో తరిమారు. అన్నతో కలిసి దిగుతాను, లేకపోతే దిగనే దిగను అనుకుని నాంచారి మెట్లెక్కింది.

సింహద్వారం నెమలి కంఠంలా వంపు తిరిగి ఉంది. లోపల మూడువందల కిటికీలు. ఒకటి చేప, ఒకటి శంఖం, ఒకటి నిద్రపోతున్న పిల్లి. ఏ రెండూ ఒక్కలా లేవు. మబ్బు తునకలు చేప కిటికీలోంచి లోపలికి వచ్చి, జనం తలలమీదుగా నడిచి, శంఖం కిటికీలోంచి బయటికి పోతున్నాయి. మిద్దెమీద కొలను, కొలనులో చక్రాల పడవ. స్ఫటికపు స్తంభాల మధ్య పట్టపగలే వెన్నెల కాచే గది. గోడల్లో దాచిన గొట్టాలలోంచి ఏడాది పొడుగునా చినుకులు రాలే వానసాల. ఒకచోట నూటొక్క మెట్లెక్కితే రంగులతో గీసిన తలుపు తప్ప ఏమీ లేదు. అది కలలు వచ్చిపోవడానికి పెట్టిన తలుపట.

గదిగదికీ వెండిబెత్తం పట్టుకున్న బంట్రోతు ఒకడు. వాడు బెత్తం నేలకు తాటించగానే జనమంతా "ఆహా!" అనాలి. అది మేడ నియమం. వానసాలలో అందరూ అన్నారు. నాంచారి అనలేదు.

"ఏమయ్యా అద్దాల శెట్టీ, నోరు పడిపోయిందా? ఆహా అను!" అన్నాడు బంట్రోతు.

"నీళ్లు గోడలోకి దిగి సున్నం ఉబ్బుతోంది. అదిగో, పెచ్చులు కూడా ఊడుతున్నాయి. దాన్ని చూసి ఆహా అనమంటావా?"

"అనకపోతే మెట్లమీంచి దొర్లిస్తా."

"దొర్లించు. ఎన్ని మెట్లు వంకరగా ఉన్నాయో దారిలో చూసుకుంటూ పోతా."

జనం గుప్పున నవ్వారు. వాళ్ల వెనుకనుంచి ఇంకో నవ్వు వినిపించింది. జనం చప్పున రెండుగా చీలి తలలు వంచారు. చిత్రకేతనుడే వస్తున్నాడు. గడకర్రలాంటి మనిషి. ఒక కాలికి నీలం చెప్పు, రెండో కాలికి పసుపు చెప్పు. చేతిలో మూత బిగించిన గాజు సీసా. సీసా నిండా ఆవిరి.

"మబ్బుపిల్ల," అన్నాడు సీసా చూపించి. "నాకు బాగా మాలిమి. నువ్వు లవంగద్వీపం వాడివా? అయితే రాకుమారి కేతకిని చూశావా?"

"చూడకేం ప్రభూ," అని నాంచారి గుండె దిటవుతో బొంకింది.

"ఆమె అప్పుడప్పుడూ ఆకాశంకేసి చూస్తుందా?"

"మెడ ఉన్నవాళ్లంతా చూస్తారు ప్రభూ."

రాజు ముఖం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. అద్దాల వర్తకుడి భుజంమీద చెయ్యివేసి తానే మేడంతా చూపించడం మొదలుపెట్టాడు. "ఎనిమిదేళ్ల కిందట స్వయంవరంలో ఆమె ఒకే ఒక్క మాట అంది. నేలమీద ఇల్లున్నవాణ్ణి చేసుకోనంది. తక్కిన రాజులు నవ్వి లేచిపోయారు. నేను ఇంటికి వచ్చి నేలమీద లేని ఇల్లు మొదలుపెట్టాను. ఇక ఒక్క రాయి మిగిలింది. అది పడిన క్షణాన ఈ మేడ లేచి, మబ్బులమీద ఓడలా తేలి లవంగద్వీపానికి పోతుంది. మా గురువుగారు భస్మాక్షులవారు మాట ఇచ్చారు."

నాంచారి ఊకొడుతూనే గోడలను చూస్తోంది. రాతిమీద ఉలిగీతలు అందరివీ కుడికి వాలి ఉన్నాయి. ఒక మలుపు దగ్గర పారేసి ఉన్న పగిలిన రాతిమీద మాత్రం ఎడమకు వాలాయి. సుంకన్నది ఎడమచేతి వాటం. ఆ గీతలలో తెల్లటి పొడి ఇంకా అలాగే ఉంది. ఒక్క గట్టి గాలి వీస్తే రాలిపోయే పొడి అది. అంటే ఇవాళో నిన్ననో చెక్కిన రాయి. అన్న బతికే ఉన్నాడు!

ఆ మలుపు తిరిగితే హంసమండపం. అందులో నడుమగా, ఈ గోడనుంచి ఆ గోడకు, రెండు స్తంభాలమీద పెద్ద కమాను లేచి ఉంది. అది ఇంకా తన కాళ్లమీద తాను నిలబడలేదు. కింద మోపులుగా ఊతకర్రలు పెట్టిన కొయ్యచట్రం దాన్ని మోస్తోంది. నడినెత్తిన ఒక్క రాయి పట్టేంత సందు ఉంది. ఆ సందులో దిగ్గొట్టే తాళపురాయి పడితేనే కమానుకు ప్రాణం. కమానుకు ఇవతల తలుపు, భటులు. అవతల పడమటి కిటికీ, రాళ్లు పైకి లాగే పెద్ద కప్పీ, మోకు, ఇనుప తొట్టి. ఆ కిటికీ కింద నలభైమంది మనుషులు, ఎముకల గూళ్లలా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి కాలికి ఒక కడియం. కడియాలన్నిటి గుండా ఒకే గొలుసు. ఆ గొలుసు కొస కమాను కుడిస్తంభంలో దిగేసి ఉంది.

సుంకన్న ముందు పగిలిన రాళ్ల గుట్ట.

"ఇవాళ కూడా అంతేనా?" అని ఒక గొంతు చీకటి మూలలోంచి లేచింది. మాంత్రికుడు భస్మాక్షుడు వెలుతురులోకి వచ్చాడు. అతని కళ్లలో పాపలు లేవు. రెప్ప వేసినప్పుడల్లా కళ్లలోంచి చిటికెడు బూడిద రాలుతుంది.

"వెంట్రుకవాసి తక్కువైంది సామీ," అన్నాడు సుంకన్న తాపీగా. "రేపు ఇంకోటి చెక్కుతా."

"తొంభై రోజులనుంచీ వెంట్రుకవాసేనా? పగిలిన రాయికొక గరిటె చొప్పున మీ గంజి తగ్గిస్తూ వచ్చాను. ఇక కుండలో గరిటె లేదు."

"గరిటె లేకపోతే కుండ నాకుతాం," అన్నాడు పక్కనున్న ముసలివాడు. అతను గవరయ్య, ఆ గుంపులో అందరికంటే పెద్ద. లేవలేక కూర్చునే రాజువైపు తిరిగాడు. "రాజా, ఈ రాయి పడిందంటే మా నలబై పానాలూ ఈ రాతిలోకే పోతాయి. నీ మేడను మోసేది మబ్బులు గాదు, మేము. ఈయనే ఆ మూలన గొణుక్కుంటుంటే నా చెవులారా విన్యా."

"గురువుగారు అది అబద్ధమన్నారు," అన్నాడు రాజు సీసాలోకి చూస్తూ.

"నువ్వు ఆయప్ప ముఖం జూసి అడిగినావా, సీసాలోకి జూసి అడిగినావా?"

రాజు సీసా మూత ఇంకాస్త బిగించాడు. మంత్రంతో ఆడించిన చెయ్యి ఆ రాతికి పనికిరాదు. పనివాడు తానుగా ఒప్పుకుని చెక్కి కూర్చోబెట్టాలి. అందుకే నలభైమందీ ఇంకా ప్రాణాలతో ఉన్నారు, అందుకే ఆకలితో ఉన్నారు.

భస్మాక్షుడు అద్దాల వర్తకుడి దగ్గరికి వచ్చి ఆగాడు. చటుక్కున మణికట్టు పట్టుకుని అరచెయ్యి తిప్పాడు. చేతి నిండా సుత్తి కాయలు. మోచేతి దాకా రాతిపెచ్చులు ఎగిరి గుచ్చుకున్న నల్లటి మచ్చలు.

"అద్దాలు అమ్మేవాడి చెయ్యి ఇలా ఉంటుందా?" అని రెండో చేత్తో మీసం పీకాడు. తలపాగా జారి జుట్టు వీపుమీద పడింది.

"చెల్లీ!" అన్నాడు సుంకన్న.

రాజు తెరిచిన నోరు మూయలేదు. "అయితే నువ్వు కేతకిని..."

"చూడలేదు. నేను నాంచారిని. రాళ్లు కొట్టుకునేదాన్ని. మా అన్న కోసం వచ్చినా."

భస్మాక్షుడు పకపకా నవ్వాడు. నేలంతా బూడిద రాలింది. భటులు సుంకన్న ఎడమచెయ్యి లాగి బండమీద పెట్టారు. ఒకడు సమ్మెట ఎత్తాడు. "రాతిపని తెలిసిన చెయ్యి తనంతట తానే నడిచివచ్చింది. ఆ రాయి నువ్వు పెడతావా, ఈ వేళ్లు ఒక్కొక్కటే పొడి చెయ్యమంటావా?" అన్నాడు మాంత్రికుడు నాంచారితో.

"పెట్టొద్దు చెల్లీ! వేళ్లు పోతే పోనీ!"

నాంచారి కమానును కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. గొలుసు కొస చూసింది. "పెడతా," అంది. "ఎవరి బలవంతమూ లేదు, నా ఇష్టంతోనే పెడతా. అయితే మా పనిలో ఒక ఆచారముంది. మోపులు తీసేటప్పుడు కమాను కింద ఇద్దరు నిలబడాల. రాయి పెట్టినోళ్లు ఒకరు, కట్టించినోళ్లు ఒకరు. ఆ గుండె లేనోళ్లకు మేము రాయి ముట్టం."

"నేనూ నిలబడతాను. మంత్రం చదవాల్సింది అక్కడే," అన్నాడు మాంత్రికుడు. "రాజుగారూ నిలబడతారు."

"తప్పకుండా," అన్నాడు రాజు ఉత్సాహంగా.

చూడవచ్చిన జనాన్ని తరిమేశారు. నాంచారి పట్టు అంగీ విప్పి మూలకు విసిరి, లోపలి ముతకచీరను గోచీ బిగించి, అందరికీ వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఉలి రాతిమీద పడింది. వెనుకనుంచి గవరయ్య తిట్లు మొదలుపెట్టాడు.

"ఓసి పాపిష్టిదానా! తొంబై దినాలు కడుపులు మాడ్చుకుని నిలబెట్టినాము. ఒక్క పూటలో అమ్మేస్తివే! నీ చెయ్యి పడిపోను! రాళ్లపల్లెలో నీకు నీళ్లు పోసేదెవురే?"

ఆమె తల తిప్పలేదు. సుంకన్న ముఖం గోడకు తిప్పుకున్నాడు. పొద్దు నడినెత్తికెక్కి పడమటికి ఒరిగేసరికి రాయి తయారైంది. ముందు ముఖం అద్దంలా ఉంది. కప్పీతో లేపి, తానే చట్రంమీదికెక్కి సందులోకి దింపింది. వెంట్రుక దూరే చోటు లేదు. సమ్మెట ఎత్తి మూడు దెబ్బలు వేసింది.

తాళపురాయి సరిగా కూర్చుంటే మూడో దెబ్బకు కంచుగంటలా ఖంగుమంటుంది. ఇది ఖంగుమనలేదు. పగిలిన కుండమీద కొట్టినట్టు బోలుగా పలికింది. ముందు అంచు దగ్గర వేలెడు మందం మాత్రమే రాతికి రాయి ఆనుకుంది. లోపలంతా నాంచారి గుల్ల చేసింది. ముందునుంచి చూసేవాళ్లకు బిగువు, లోపల ఖాళీ.

రాజుకు ఆ తేడా తెలియదు. మాంత్రికుడికి తెలియదు. నలభైమందికీ తెలుసు. గవరయ్య తిట్టు నోట్లోనే ఆగిపోయింది. సుంకన్న మెల్లగా ముఖం ఇటు తిప్పాడు.

"ఏం ముసలోడా, ఎట్లా కూర్చుంది?" అన్నాడు భస్మాక్షుడు.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "అరవై ఏండ్ల పనిలో ఇట్లా కూర్చున్న రాయిని నేను జూడలేదు సామీ." ఆ వెంటనే దగ్గు వచ్చినట్టు వంగి కిటికీవైపు జరిగాడు. అతని పక్కవాడు జరిగాడు. గొలుసు సాగినంత దూరం అందరూ జరిగారు.

నాంచారి కిందికి దిగి మోపులు తన్నింది. కొయ్యచట్రం దభాలున కూలింది. కమాను నిలబడింది. దాని కింద ఒక పక్క ఆమె, ఒక పక్క చేతులెత్తిన భస్మాక్షుడు, ఇద్దరికీ నడుమ సీసా పట్టుకుని కళ్లు మూసుకున్న రాజు. మంత్రం మొదలైంది. మేడ గోడలు మూలిగాయి. పనివాళ్ల పాదాలు చల్లబడి బూడిదరంగుకు తిరగసాగాయి. నేల కంపించి, కొలనులో పడవ గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"లేస్తోంది! లేస్తోంది!" అన్నాడు రాజు కళ్లు తెరవకుండానే.

నాంచారి పైకే చూస్తోంది. మొదట సున్నపుపొడి రాలింది. ఆమె కదల్లేదు. తరువాత గోరంత పెచ్చు వచ్చి భుజంమీద పడింది. మూడోసారి టప్పుమని వినిపించగానే ఒక్క దూకు దూకింది. దారికి అడ్డంగా రాజు ఉన్నాడు. భుజంతో ఆయన్ను ఒక్క తోపు తోసి, ఆయనతోపాటే కిటికీవైపు దొర్లింది.

వెనుక పిడుగులు పడినట్టయింది. తాళపురాయి ముందు, దాని వెంట కమాను రాళ్లన్నీ, వాటి వెంట కుడిస్తంభం, ఎత్తిన చేతులు దించకముందే భస్మాక్షుడిమీద కుప్పకూలాయి. దుమ్ము తేరేసరికి తలుపువైపు దారి లేదు. రాళ్ల గుట్టకు అవతలినుంచి భటుల కేకలు వినిపిస్తున్నాయి. స్తంభంలోంచి ఊడిన గొలుసు కడియాలలోంచి జరజరా జారిపోయింది. పనివాళ్ల పాదాలకు మళ్లీ నెత్తురు రంగు వచ్చింది.

"నడవండి!" అంది నాంచారి.

రాళ్ల సందుల్లోంచి సన్నటి బూడిద పైకి లేస్తోంది. నేలమీద చేరి, రేణువు రేణువు పేర్చుకుంటూ ఒక వేలు అయింది. వేలు పక్కన ఇంకో వేలు మొలిచింది.

"చూస్తా నిలబడొద్దు! తొట్టెక్కండి!"

కిటికీ కింద ఏటవాలు కొండ, ఆ కొండ పాదాన రాతిగని. గని ఒడ్డున పొయ్యిల పొగ. పనివాళ్ల ఆడవాళ్లు మొగుళ్లను వదిలి పోమని మొండికేసి మూడు నెలలుగా అక్కడే గుడిసెలు వేసుకుని ఉన్నారు. పదముగ్గురు చొప్పున మూడు విడతలు తొట్టిలో దిగారు. గవరయ్య పోతూ పోతూ నాంచారి తలమీద చెయ్యిపెట్టాడు. "నీళ్లు పోస్తాంలేమ్మా," అన్నాడు.

అన్నాచెల్లెళ్లు మిగిలారు. కప్పీ పిడి ఒకరు పట్టి ఉంచితేనే తొట్టి దిగుతుంది.

"నువ్వు దిగు. నేను పట్టుకుంటా," అన్నాడు సుంకన్న.

"నీ చేతుల్లో గాలిపటం పట్టే బలం లేదన్నా. దిగు."

"మేస్త్రి ఆఖర్న దిగాల. అది నీకు తెలుసు."

"తెలుసు. తెలిసే దిగమంటున్నా. నిన్ను వదిలి పోవడానికా ఇంత కొండ ఎక్కింది?"

రాళ్ల గుట్ట దగ్గర చెయ్యి పూర్తయింది. మోచెయ్యి మొలుస్తోంది. అప్పుడు పిడిమీద ఇంకో జత చేతులు పడ్డాయి. చిత్రకేతనుడివి. ఒళ్లంతా సున్నం. సీసా లేదు. పసుపు చెప్పు లేదు.

"దిగండి," అన్నాడు.

"మోసం చేస్తే?" అంది నాంచారి.

"నేను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. అడగలేదంతే," అన్నాడు రాజు. "కిందపడి కళ్లు తెరిచేసరికి మీవాళ్ల పాదాలు రాతిరంగులో ఉండడం చూశాను. దిగండి."

నాంచారి ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, అన్నను తొట్టిలోకి తోసి తానూ దూకింది. పిడి తిరిగింది. వాళ్లు మబ్బులోకి దిగారు. ఏమీ కనబడలేదు. పైన రాజు ఊపిరి, మోకు కిర్రుమనడం మాత్రమే వినిపించాయి. ఒకచోట తొట్టి ఆగింది. సుంకన్న చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. పైన ఎవరో అరిచారు. మళ్లీ కదిలింది. మబ్బు వదిలింది. కాళ్ల కింద గని నేల తగిలింది.

వాళ్ల వెనుకే మోకు ఊగింది. పదిమంది నోళ్లు తెరిచి చూస్తుండగా పారిభద్ర దేశాధీశుడు ఆ మోకు పట్టుకుని జారుకుంటూ వచ్చి రాతిపొడిలో కూలబడ్డాడు. రెండు అరచేతులూ చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి.

ఎవరూ ఆయన్ను లేపలేదు. ఎవరూ కొట్టలేదు. ఒకడు సమ్మెట అందుకోబోతే గవరయ్య వాడి మోచెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

పొద్దు కుంకుతోంది. ఆడవాళ్లు తమకోసం వండుకున్న సంకటి కుండలు దించారు. అది ఇరవైమందికి సరిపడే సంకటి. దాన్నే అరముద్దలు చేసి, గుంటలున్న రాతిపలకలమీద పెట్టి, చింతాకు పులుసు పోసుకుంటూ వచ్చారు. గవరయ్య పెళ్లాం ఓబుళమ్మ అందరికీ పెట్టి చివరికి రాజు దగ్గర ఆగింది. కుండలోకి చూసింది, మొగుడివైపు చూసింది. గవరయ్య తన పలకమీది అరముద్దను రెండుగా విరిచి సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రాజు ముందున్న రాతిమీద పెట్టింది.

సుంకన్న మెల్లగా నమిలాడు. నాంచారి అతని పలకలో పులుసు అయిపోగానే తన దాంట్లోది వంచింది. రాజు వేడి సంకటిని తోలు ఊడిన వేళ్లతో ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ ముట్టుకున్నాడు. ముద్ద చెయ్యడం రాలేదు. రాకపోయినా తిన్నాడు.

పైనుంచి బూడిద సన్నగా రాలడం మొదలైంది. కొండ మలుపు అవతల భటుల గుర్రాల డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. ఎవరూ లేవలేదు. బూడిద పడకుండా ఎడమచెయ్యి పలకకు అడ్డంపెట్టుకుని, నలభైఒక్కమంది పనివాళ్లూ, వాళ్ల ఆడవాళ్లూ, ఆ రాజూ చివరి మెతుకు దాకా తిన్నారు.